గోడబల్లి గోత్రనామములు

అది వైశాఖమాసమందలి యొక సాయంసమయము. పగలెల్ల పెదగంటిపాలెమను కోనసీమ గ్రామమును పెసరట్టు పెనమువలె కాల్చి కాల్చి తుదకు తనకే చెమటలు పట్టిన మార్తాండుడు పడమటి కొబ్బరితోటల చాటునకు జారుచుండగా, కాలువమీదుగా వచ్చిన చల్లగాలి ఊరిలోనికి పోవలెనా వలదా యని రైసుమిల్లు ప్రహరీగోడ యొద్ద నిలిచి సంశయించుచుండగా, గూళ్లకు మఱలు కొంగలు సెల్లుటవరునకు ప్రదక్షిణము చేయుచుండగా, సంతవీథి దుకాణముల మెట్లపై నాసీనులైన పౌరజనులు గాలికొఱకు గాక గగనశోభకొఱకు గాక తమతమ కరకమలములందలి ఫోనులకొఱకు తలలు వంచి నీలకాంతి సోకిన ముఖములతో మౌనవ్రతము పట్టినవారివలె నుండిరి. ఉన్నట్టుండి కొబ్బరికాయల కొట్టుకడ నొకడు కిసుక్కున నవ్వెను. ఎదుటి మందులషాపువాడు పకపక నవ్వెను. ఆ నవ్వు మెట్టునుండి మెట్టునకు దుమికి కటింగుషాపులో సగము గీసిన గడ్డముతో నున్నవానిని సైతము కుర్చీనుండి లేపి వీథి కడదాక ప్రాకెను. కారణ మొక్కటియే. గోడబల్లి పలికెను.

గోడబల్లి యెవరో యా గ్రామమున నెవ్వరికిని తెలియదు. 'మన పాలెం మన మాట' యను పేర ముఖపుస్తకమున గ్రామస్థులు కట్టుకొనిన కూటమియందు ఎవడో యొక అజ్ఞాతపురుషుడు బల్లిబొమ్మ తగిలించుకొని జొరబడి పుట్టినదినము చెప్పక పుట్టినయూరు చెప్పక తన ముఖము చూపక తక్కినవారి ముఖములను మాత్రము నిత్యము అద్దమున చూపుచుండెను. మెయినురోడ్డు గుంటలలో నీరు నిలిచినపుడు "రోడ్డు మీద చేపపిల్లల్ని వదులుతున్నారు. గాలాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి" అని వ్రాసెను. రైసుమిల్లు యజమానియు దేవాలయసంఘాధ్యక్షుడును నగు కోరుకొండ జోగారావు కేశములకు నల్లరంగు పూసికొని వానలో చిక్కుకొనినపుడు "అధ్యక్షులవారి యవ్వనం కారిపోయింది. దాంతో చొక్కాకీ పంచెకీ కూడా వయసు తగ్గింది" అని వ్రాసెను. సంతవీథి హోటలువాడు జిరాక్సుషాపునుండి చిత్తుకాగితములు తెచ్చి వానిలో పొట్లములు కట్టుట చూచి "ఆ హోటల్లో గారెలు కొన్నవారికి పక్కవీధివారి ఆధారు కార్డు ఉచితం" అనియు వ్రాసెను. అది వట్టి ఛలోక్తి కాదు. ఆ గ్రామమున గారెలు తినుచు పరుల పుట్టినతేదీలు చదువుకొనుట చాలకాలమునుండి యున్న వాడుకయే.

చదువరులకు దాచనేల? ఆ హోటలువాడే గోడబల్లి. ముక్కామల అవతారమను నాతడు స్థూలకాయుడు సూక్ష్మబుద్ధి, పలకాబలపములతో సఖ్యము కుదరక ఎనిమిదవతరగతినే బడికి సెలవిచ్చి పెనము పట్టినవాడు, చక్కెరడబ్బాలో నుప్పు పోసి చాటునుండి చూచుటయందును నిద్రించువాని రెండుకాళ్ల బొటనవ్రేళ్లను దారముతో ముడివేయుటయందును చిన్ననాటినుండి యసమానుడు. వయసు మీఱినకొలది వ్రేళ్లను ముడివేయుటకు వంగలేక ఫోను పట్టెను. అనుమానము తన దెస తిరుగకుండుటకై తన పొట్లముల గుట్టు తానే వెళ్లగ్రక్కి సాంబారు పలుచనయని తానే యెత్తిపొడిచి కొనెను. ఊరివారా మాట నమ్మి మఱునాటినుండి సాంబారును వేలితో ముట్టి చూచుకొనుట మొదలిడగా నాతడు లోలోన మురిసి పైకి గొణిగెను.

ఆ హోటలునకు వచ్చువారెవ్వరును అవతారముకొఱకు వచ్చువారు కారు. పెసరట్టుకొఱకును కారు. ఆతని యర్ధాంగి మాణిక్యాంబ రుబ్బురోట స్వహస్తముతో నూఱు అల్లప్పచ్చడికొఱకు వచ్చుచుండిరి. అల్లము బెల్లము చింతపండు మిరపకాయ అందఱి యిండ్లను ఉన్నవే. అవి యామె చేత పడినపుడేమగునో యెవ్వరికిని తెలియదు. పెసరట్టుపై నా పచ్చడి చారెడు పడనినాడు హోటలు తలుపులు మూసికొనవలసినదే యని అవతారమునకును తెలియును ఆమెకును తెలియును. ఆ దంపతుల మధ్య నీ సంగతి నోటితో పలుకబడక గోడగడియారమువలె నిత్యము వినబడుచుండెను.

వింత యేమనగా గోడబల్లికి ప్రథమభక్తురాలు ఆ మాణిక్యాంబయే. సాయంకాలము పిండి నానబోయుచు ఫోను ఎదుట పెట్టుకొని బల్లిపలుకులను పెద్దగా చదివి కన్నీళ్లు వచ్చునట్లు నవ్వి "ఎంత బుర్రండీ ఈయనకి! ఎవరో గాని, ఆ ఇంట్లో వాళ్లు అదృష్టవంతులు. రోజూ నవ్వుతూనే ఉంటారు. మీరూ ఉన్నారు, ఎందుకూ!" అనుచుండెను. అవతార మా మాటకు సగము పొంగి సగము క్రుంగి "ఊఁ" అని యూరకుండెను.

ఇట్లుండగా హనుమజ్జయంతి వచ్చెను. నాడు గుడిలో పంచిన పులిహోరముద్ద నొకదానిని పుచ్చుకొని కొఱికి పన్ను పట్టుకొని సాయంకాలమున ఫోను తెఱచి గోడబల్లి పలికిన పలుకే మనము మొదట వినిన నవ్వులకు మూలము. "ఇవాళ గుళ్లో పెట్టిన పులిహోర ముద్ద చెయ్యి జారి పడితే మా అరుగు పెచ్చు ఊడింది. మేస్త్రీకి కబురు పెట్టాం. ముద్దకి మాత్రం దెబ్బ తగల్లేదు."

వీథి యింకను నవ్వుచుండగనే మాణిక్యాంబ ఫోను పట్టుకొని వంటశాలనుండి వచ్చెను. ఆమె ముఖమున నవ్వు లేదు.

"చూశారా, ఏం కూశాడో?"

"ఎవడే?"

"ఆ బల్లి వెధవ. నిన్నటిదాకా మహానుభావుడనుకున్నాను. నా పులిహోర మీద పడ్డాడు."

అవతారము చేతియందలి అట్లకాడ పెనముపై పడి గణగణమనెను. "నువ్వా చేసింది? ఏటా చేసేది నాలుగో వీధివాళ్లు కదుటే?"

"వాళ్లావిడకి జ్వరమొచ్చింది, గంగాళమంతా నేనే కలపాలి, బియ్యం కొత్తవి, ఎలా వస్తుందోనని పొద్దున్న మీకు చెప్పే వెళ్లాను కదండీ. ఊఁ అన్నారు కూడాను."

అన్నమాట నిజమే. ఆ సమయమున నాతడు రైసుమిల్లు కుక్కపై నొక చమత్కారమును మనస్సులో నల్లుకొనుచుండెను. ఊఁ కొట్టినది నోరు. చెవులు వేఱొకచోట నుండెను.

"వాడెవడో తేలాలండీ. తేలిందా, వాళ్ల పొయ్యిలో నీళ్లు పోసేది నేనే. మా సూరిగాడికి చెప్పేశాను. హ్యాకో ఏదో చేస్తాట్ట" అని యామె వెడలిపోయెను. అవతారము తన పొయ్యివంక చూచెను. అది నిర్మలముగా నిశ్చింతగా మండుచుండెను. పాప మేమియు నెఱుగదు.

మాణిక్యాంబ తమ్ముడు సూరిబాబు ఆ వీథియందే సెల్లుఫోనులు బాగుచేయుచు జిరాక్సులు తీయుచు తనను తాను సైబరు నిపుణునిగా చెప్పుకొను మధ్యవయస్కుడు. మఱునాటి యుదయమున రద్దీ తగ్గినవెంటనే అవతారము భుజముపై తువ్వాలు సవరించుకొని సహజముగా కనబడవలెనని మిక్కిలి ప్రయత్నించుచు నా దుకాణము మెట్లెక్కెను.

"రండి బావగారూ. చిత్తుకాయితాలకా?"

"కాదురా. మా స్నేహితుడొకడున్నాడు."

"ఎవరండీ?"

"నీకు తెలీదులే, ద్రాక్షారం. వాడి ముఖపుస్తకం ఎవరో బద్దలు కొడతారని బెంగపెట్టుకున్నాడు. ఎలా కొడతారురా అసలు?"

సూరిబాబు కుర్చీని వెనుకకు వాల్చి గురుపీఠమెక్కినవాని వలె కన్నులరమోడ్చెను. "పాస్‌వర్డ్ తెలియక్కర్లేదండీ. మర్చిపోయాను మొర్రో అని నొక్కితే అదే ప్రశ్నలడుగుద్ది. మీ అమ్మగారి పుట్టింటిపేరేంటీ? మీ మొదటి బండేంటీ? చిన్నప్పుడు పెంచిన జంతువు పేరేంటీ? జవాబు చెప్తే తలుపు తీసేసుద్ది. పట్నాల్లో ఇవెవడికీ తెలియవు. మనూళ్లో ఎవరికి తెలియవో చెప్పండి బావగారూ! ఇక్కడ నాకు తెలియని అమ్మమ్మ లేదు. మీ గేదె పేరు గున్నమ్మ. మీ అమ్మగారి పుట్టింటివాళ్లు అయినాపురపువాళ్లు. మీ మొదటి బండి ఆ పచ్చ మోపెడ్డు, కాలవలో పడిపోయింది చూడండి, అది."

"మా సంగతెందుకురా ఇప్పుడు?"

"మాటవరసకండీ. మొదటి వీధి నుంచి మొదలెడుతున్నాను. ఒక్కో ఇంటిపేరూ వేసుకుంటూ వస్తాను. మూడో వీధికొచ్చేసరికి బల్లి తోక నా చేతిలో ఉంటుంది. అక్కకి మాటిచ్చాను."

సంతవీథి మూడవవీథియే. అవతారము రెండేసి మెట్లు దిగి యింటిదారి పట్టెను.

ఇంటికి వచ్చి గున్నమ్మను తొలగించి ఆ స్థానమున సింహమును వ్రాసెను. పచ్చమోపెడ్డును తొలగించి విమానమును వ్రాసెను. తల్లి పుట్టినింటిపేరు మార్పబోయి చేయి యాడక యాగెను. పోయిన తల్లికి లేని యింటిపేరు నంటగట్టుట మహాపాతకమని యాతని మనస్సు కొట్టుకొనెను. ఊరినెల్ల నేమార్చినవాడు కన్నతల్లిని మార్చలేక ఆ గడిని అట్లే విడిచెను. పాస్‌వర్డనబడు గూఢపదమును మాత్రము క్రొత్తది పెట్టెను. సోమవారమునాడు వడలు వేయుచుండగా "మీ ఖాతాలోనికి ప్రవేశింప నెవరో యత్నించుచున్నారు, మీరేనా?" యని ఫోను ప్రశ్నించెను. ఆ వాయి వడలు నల్లబడినవి.

మానవప్రయత్న మంతటితో ముగిసినదని యాతడు నిశ్చయించుకొనెను. పెదగంటిపాలెమున నింక మిగిలినది యొక్కటే. ఆ గ్రామమున క్రొత్త మోటారుసైకిలు చక్రముల క్రింద నిమ్మకాయలు నలుగనిదే కదలదు. బోరుమోటారునకు పసుపుకుంకుమలు పెట్టుదురు. సెల్లుటవరు నిలిపిననాడు దానికి గుమ్మడికాయ దిష్టి తీసిరి. అన్నిటికిని రక్ష యున్నపుడు ముఖపుస్తకపు ఖాతాకేల యుండరాదు? మంగళవారమునాడు ఆంజనేయస్వామికి అర్చన చేయింపవలెను. అయితే నెవరి పేర? అవతారముపేర చేయించినచో స్వామి అవతారమును రక్షించును. ఆపద యవతారమునకు కాదు గోడబల్లికి. తప్పుచిరునామాకు పంపిన రక్ష తిరిగివచ్చునను నమ్మక మేమి? కావున గోడబల్లి పేరనే చేయింపవలెనని తీర్మానించుకొని తన తెలివికి తానే యబ్బురపడెను.

మిట్టమధ్యాహ్నము గుడి మూయుటకు ముందు భక్తులెల్ల భోజనములకు పోయిన సమయము చూచుకొని అవతారము కొబ్బరికాయతోను తమలపాకుల కట్టతోను పిల్లివలె లోన ప్రవేశించెను. అర్చకుడు రంగాచార్యులు ద్వారపు గొళ్లెము పట్టుకొనియుండెను. ఆయన యుత్తరీయమునకు గుండీవంటి చిన్న మైకు తగిలించియుండెను. దానిని జయంతినాడు మహిళాభక్తసమాజమువారు గుడి కానుకగా నిచ్చిరి. గుడిగోపురముపై నాలుగు దిక్కులకు నాలుగు లౌడుస్పీకర్లను జోగారావుగారిచ్చిరి. అర్చకునికి ఆ మైకుపై మమకార మెంతటిదనగా ఇంటికి పోయియు దానిని విప్పడు. క్రిందటి ఆదివారము ఆయన మజ్జిగలో ఉప్పు లేదని భార్యతో పోట్లాడిన వైనమును గ్రామమెల్ల విని ఆమె పక్షమున నిలిచెను.

అవతారమునకు ఆ సంగతి జ్ఞప్తికి వచ్చెను. "మైకు ఆపేయండి స్వామీ. కాస్త ఆంతరంగికం."

"దానికేం భాగ్యవండీ" అని ఆచార్యులు గుండీని ఒక్కసారి నొక్కెను. అవతారము నిట్టూర్చెను. పాఠకులారా, ఆ గుండీకి నొక్కిన మోగుట మరల నొక్కిన మానుట స్వభావము. అంతవఱకు నది మానియే యుండెను.

"ఊఁ, ఎవరి పేరనండీ?"

"గోడబల్లి."

"ఎవరండీ?"

"గోడ... బల్లి."

"మనిషేనాండీ?"

"మనిషి లాంటిదే స్వామీ. ఆపదలో ఉంది. కానివ్వండి."

"పేరెలా ఉన్నా పర్లేదు. గోత్రం లేందే సంకల్పం ముందుకు కదలదు. బల్లి గోత్రవేంటి?"

ఇచ్చట నాతని జీవితమున మిక్కిలి కఠినమైన క్షణము వచ్చెను. అబద్ధపుగోత్రము చెప్పవచ్చును. భారద్వాజమనినచో నెవడును తలయెత్తి చూడడు. కాని జోగారావుగారి గుమాస్తా భారద్వాజుడు. స్వామి రక్ష తప్పిపోయి ఆ గుమాస్తాకు చేరినచో? దేవునియెదుట గోత్రము దాచినవాడు మనుష్యులయెదుట పేరు దాచికొన నర్హుడా? అవతారము నాలుగుదిక్కులు చూచి స్తంభములకు వినబడునేమో యను భయముతో నోటికి చేయి యడ్డుపెట్టుకొని చెప్పెను.

"పూతిమాష."

"అయ్యో, అంటే మీదేనండీ! ఈ ఊళ్లో పూతిమాష మీ ఒక్క ఇల్లేగా!"

"నెమ్మదిగా స్వామీ, నెమ్మదిగా."

ఆచార్యులు కన్నులు మూసి సంకల్పమునకు దిగెను. ఏండ్లతరబడి మంగళవారము మంగళవారము మాణిక్యాంబ చేయించిన అర్చనలచే నా గోత్రము వినబడగనే ఆయన నాలుక అలవాటుపడిన యెద్దు ఇంటిదారి పట్టినట్లు తానై సాగెను. "పూతిమాష గోత్రోద్భవస్య, ఆశ్లేషా నక్షత్రే కర్కాటక రాశౌ జాతస్య, అవతార శర్మణః, ధర్మపత్నీ మాణిక్యాంబా సమేతస్య..." అని యొక్కయూపున పలికి కన్ను తెఱచెను. "మధ్యలో బల్లినెక్కడ పెట్టమంటారు?"

"అవతారం పక్కనే పెట్టేయండి. విడదీస్తే స్వామి గందరగోళపడతాడు."

"సరే. అవతార శర్మణః, గోడబల్లి ఇతి అపరనామధేయస్య... కోరికేవిటండీ?"

"ఎవరో ఖాతా బద్దలు కొడుతున్నారు స్వామీ. హ్యాకర్లు. మా బావమరిదే అనుకోండి. ముఖ్యంగా మా ఆవిడకి తెలియకూడదు."

"హ్యాకరపీడా నివారణార్థం, శ్యాలక బాధా శాంత్యర్థం, ధర్మపత్న్యా అజ్ఞాతత్వ సిద్ధ్యర్థం" అని ఆచార్యులు గంభీరస్వరమున పూర్తి చేసెను.

ఆ పలుకులు ముగియగనే వెలుపల నాకాశమునుండి తన కంఠమును ఆచార్యుల కంఠమును మరల ప్రతిధ్వనించినట్లు అవతారమునకు మందముగా వినబడెను. ధర్మపత్న్యా అజ్ఞాతత్వ సిద్ధ్యర్థం. ఆతనికి రోమాంచమయ్యెను. స్వామి తన మొఱ నాలకించి ఔనని పైనుండి పలికినాడని నమ్మి చేతులు జోడించి కన్నీరు కార్చెను. అష్టోత్తరము వినుచు నిశ్చింతుడై తీర్థము పుచ్చుకొనెను. తమలపాకు నొకదానిని ఫోనుపై నంటించుకొనెను.

గుడి వెలుపల మిట్టమధ్యాహ్నపు టెండలో సంతవీథి యెల్ల నిలిచియుండెను. కొబ్బరికొట్టువాడు అన్నము కలిపిన చేతితోనే వచ్చెను. మందులషాపు ముందు నిలిచిన స్త్రీలు ముక్కులపై వ్రేళ్లుంచుకొనిరి. నడుమ నొక దారి విడిచిరి. అవతారమా దారిని నాలుగడుగులు నడచునప్పటికి ఒక మూలనుండి "బల్లిగారూ, దణ్ణవండీ!" అని వినబడెను.

"తీర్థం పుచ్చుకున్నారా అండీ బల్లిగారూ?"

"ఆయ్, మా రోడ్డు మీద చేపలెప్పుడు పడతన్నారండీ?"

సూరిబాబు దుకాణము మెట్టుపై నిలిచి నడుముపై చేతులుంచుకొనెను. "బావగారూ, ద్రాక్షారం స్నేహితుడు కులాసానా? పాపం, మూడో వీధికింకా రాలేదండీ నేను. మీరే మైకులో చెప్పేశారు!"

అవతారము తలయెత్తి గోపురము వంక చూచెను. నాలుగు లౌడుస్పీకర్లు నాలుగు దిక్కులకు నోళ్లు తెఱచియుండెను. వానిలో ఆచార్యులు తాళము వేయుచు గొణుగుట స్పష్టముగా వినబడుచుండెను. "ఈ అవతారం ఎంత పెంకివాడండీ!" అప్పుడాతనికి సర్వమును బోధపడెను.

హోటలు గుమ్మమున మాణిక్యాంబ నిలిచియుండెను. ఆమె తిట్టలేదు. ఏడ్వలేదు. "భోజనానికి రండి" అనెను. ఆ రెండు మాటలంత భయంకరమైన మాట ఆతడు తన కాపురమున వినియుండలేదు. విస్తరిలో అన్నము పప్పు చారు అన్నియు వడ్డింపబడెను. అల్లప్పచ్చడి జాడీ మాత్రము బోరగిలబడి యుండెను.

మఱునాడు పెసరట్లు వేడివేడిగా దిగెను. తినువారు లేరు. ముందు వచ్చినవారు ఒక ముక్క త్రుంచి పచ్చడిగిన్నె వంక చూచి "ఇదేవన్నా బావుందాండీ పంతులుగారూ? అట్టుంది, పచ్చడేదీ?" అనిరి. వెనుక వచ్చినవారు గుమ్మమునుండియే మఱలిరి. మధ్యాహ్నమునకు రుబ్బిన పిండి పులిసిపోగా పారవేయవలసి వచ్చెను. మూడవనాడు జోగారావుగారే రైసుమిల్లునుండి నడచివచ్చిరి. రంగు వేసిన మీసము మెలివేయుచు బల్లను గ్రుద్ది "నీ మీద పరువునష్టం దావా వెయ్యాలని లాయరుతో మాట్లాడాను. నా జుట్టు సంగతి తరవాత తేల్చుకుందాం. ముందు వెళ్లి మీ ఆవిడ కాళ్లు పట్టుకో. మూడ్రోజుల్నించి నాకు నోరు చచ్చిపోయింది" అని సెలవిచ్చిరి.

అవతారము వంటశాల గడప యీవల నిలిచెను. ఆవల మాణిక్యాంబ రోటియెదుట వట్టిచేతులతో కూర్చుండెను. అల్లము కడుగబడి ప్రక్కనే యుండెను. నూఱబడలేదు.

"మాణిక్యం, నువ్వు చేశావని తెలీదే."

"చెప్పాను కదండీ."

"విన్లేదు."

"ఊఁ అన్నారు."

"ఊఁ అన్నాను. విన్లేదు."

ఆమె పైటకొంగుతో రోలు తుడిచెను. "పులిహోర గట్టిగానే వచ్చిందండీ. అది నాకూ తెలుసు, నా బాధ దానిక్కాదు. ఊరందర్నీ నవ్వించే నోరు ఇంట్లో ఊఁ దాటి ఇంకో అక్షరం అనదు. మీ మాటలు వినాలంటే నేను ఫోను చూడాలి. అదీ ఎవరో పరాయివాడివనుకుని. ఆ ఇంటివాళ్లు అదృష్టవంతులని మీ ఎదుటే ఎన్నిసార్లన్నాను! చెప్పబుద్ధెయ్యలేదూ?"

అవతారము ఊఁ యనుటకు సైతము జంకి తల వంచెను.

"ఆ ఫోనిలా ఇవ్వండి. పాస్‌వర్డ్ చెప్పండి."

అవతారము నసిగెను. "నవ్వకూడదు."

"చెప్పండి."

"మాణిక్యం చేతి అల్లప్పచ్చడి."

ఆమె యాతని వంక చూచెను. పెదవి కొఱికికొనెను. కొఱికినను నిలువక భుజములు కదలెను. "ఓరి దేవుడా! మా సూరిగాడు ఊళ్లో అమ్మమ్మలందర్నీ తవ్విపోశాడు. ఇది రోడ్డున పోయే ఎవర్నడిగినా చెప్పేవాడు కదండీ!" అని కొంగు నోట క్రుక్కుకొని నవ్వి ఫోనుతో ఆవలికి తిరిగి వీపు చూపి ఏమేమో నొక్కెను. "మార్చేశాను. ఇంక బల్లి నాది. మీరు అట్లేసుకోండి." ఆపై రోటిలో పొత్రము తిరిగిన ధ్వని వినబడెను. అల్లపుఘాటు వీథిలోనికి పోగా ఏ యొక్కడును పిలువకయే జనులు వచ్చి బల్లలపై కూర్చుండిరి.

కొన్నిదినములు గడచినపిదప జ్యేష్ఠపు తొలిజల్లు పడిన సాయంకాలమున గోడబల్లి మఱల పలికెను. "సంతవీధి హోటలాయన అట్టు తిరగేసేముందు ఆవులిస్తాడు. అల్లం అట్టు మీద కాదు, ముందాయన నాలిక్కి రాయాలి." వీథి గొల్లుమనెను. ఆ వెనువెంటనే "అధ్యక్షులవారు మళ్లీ వయసులోకొచ్చారు. ఈసారి గొడుగు కొనుక్కున్నారు" అనియు వచ్చెను. పాతబల్లికన్న క్రొత్తబల్లి కాటు వాడిగా నున్నదని రసజ్ఞు లొప్పుకొనిరి.

"భలే రాశారండీ పంతులుగారూ, మీ మీద మీరే! ఎంత ధైర్యవండీ!"

"నేను కాదు బాబూ."

"ఆయ్, మీరు కాదులెండి. గుళ్లో అర్చన మేం చేయించుకున్నాం!"

"దేవుడి మీద ఒట్టు, నేను రాయలేదు!"

"ఎలా రాస్తారండీ, మీకసలు ఫోనే తెలీదాయె!" అని ఊరెల్ల కన్నుగీటెను. జోగారావుగారు వచ్చి బల్లను గ్రుద్ది యాతనినే తిట్టిరి. సూరిబాబు తన పరిశోధన సఫలమైనదని దుకాణమునకు క్రొత్తబోర్డు కట్టించెను. లోన మాణిక్యాంబ సాత్త్వికవదనయై అల్లము తరుగుచుండెను. ఎన్ని తాళములు బిగించియు అవతారము దాచికొనలేకపోయిన పేరును ఆమె ఏ తాళమును లేకయే దాచికొనెను. నేరము మోయుటకు మగడొకడు లౌడుస్పీకర్ల సాక్షిగా నిలువబడి యుండగా ఆ గ్రామమున నంతకుమించిన రక్ష యేది?

అవతారమున కొక్కటే మిగిలెను. ఆ గూఢపదమును కనిపెట్టవలెను. అత్తగారి పుట్టినింటిపేరు వేసి చూచెను. మాణిక్యాంబ జన్మనక్షత్రము వేసెను. ఆమె చిన్ననాడు పెంచిన కుందేలు పేరు వేసెను. పెండ్లినాటి చీరరంగు వేసెను. తలుపు తెఱవబడలేదు. ఇన్నేండ్లు ఆమెను గూర్చి ఊరివారెఱిగినంతయే తానెఱుగుదునని యాతనికపుడు తోచెను. ఏనాటి మాటలోనైనను ఆ పద మామె నోటినుండి జారునేమో యను నాసతో నాటినుండి ఆమె పలుకు ప్రతిపలుకునకు పెనము విడిచి వచ్చి చెవియొగ్గి కూర్చుండుట మొదలిడెను. "ఊఁ" మాని "ఆఁ, తరవాత?" అనుట నేర్చెను. అందులకే వచ్చి కూర్చుండుచున్నాడని మాణిక్యాంబయు నెఱుగును. ఎఱిగియే పుట్టినింటి మేనత్తల కథలు, కొత్తబియ్యపు కష్టములు, ఏనాడో అడిగి యూరకున్న కోరికలు, ఒకటివెంట నొకటి నడుమనడుమ నాపి ఊరించి చెప్పుచుండును. పొయ్యిపై పాలు పొంగునంతసేపును ఆ యిరువురి మాటలు వంటశాలనుండి వినవచ్చుచుండ, గడియారము వెనుకనున్న యసలు బల్లి మెడ సాచి విని, తనకు తెలిసినది తనలోనే యుంచుకొని, టిక్కుటిక్కుమని మఱల గడియారము చాటునకు జరిగెను.